మైదా తగలని కరకర ఉల్లి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బిర్యానీ మీద, పలావు మీద, పెరుగు పచ్చడి మీద చల్లుకునే వేయించిన ఉల్లి గురించి, గోధుమ పడని వాళ్ళున్న ఇళ్ళ నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకే సందేహాన్ని చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే వేశాం.

ప్రశ్న: మా అబ్బాయికి సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని జబ్బు) అని తేలింది. గోధుమ, మైదా పూర్తిగా మాన్పించాం. బ్రౌన్ ఆనియన్స్ పాకెట్ వెనక చూస్తే గోధుమపిండి అని రాసుంది. ఇంట్లో చేసుకుంటే మైదా బదులు ఏ పిండి వాడాలి? (వరంగల్)

జవాబు: ఏ పిండీ అక్కర్లేదండీ. ఉల్లిపాయ బరువులో పదింట తొమ్మిది వంతులు నీరే. ఆ నీరు నిదానంగా ఆవిరైపోయి, మిగిలిన పలచటి పొర ఎర్రబడితే దానంతట అదే కరకరలాడుతుంది. పాకెట్ సరుకులో పిండి పట్టించడం వల్ల రంగు ఒకేలా వస్తుంది, తేమ త్వరగా పట్టదు, బరువూ తూగుతుంది. ఆ అవసరాలు తయారీదారువి. మీ మూకుడుకి అవేవీ లేవు.

అరకిలో ఉల్లికి కొలతలు చెబుతాం. రెండు చివర్లూ కోసేసి, పాయను నిలువునా రెండు చెక్కలు చేసి, తొడిమ నుంచి వేరు వైపు పోయే గీతల వెంబడే నిలువుగా తరగండి. మందం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, అంటే పాత రూపాయి బిళ్ళంత. సన్నగా ఉండటం కన్నా అన్నీ ఒకేలా ఉండటం ముఖ్యం. కత్తిపీట మీద చేయి తిరిగిన వాళ్ళకి ఇబ్బంది లేదు. మిగిలినవాళ్ళు స్లైసర్ వాడితే మేలు. వేరు దగ్గరి గట్టి ముడిని తీసేయాలి, లేకపోతే రేకులు విడిపోకుండా గుత్తులుగా ఉండిపోతాయి, ఆ గుత్తి మధ్యలో పచ్చి మిగిలిపోతుంది. తరిగినవాటిని చేత్తో విడదీసి, పొడి బట్ట మీద ఇరవై నిమిషాలు ఆరనివ్వండి.

నూనె అరలీటరు. మూకుడు సగానికి మించి నిండకూడదు, ఎందుకంటే ఉల్లి వేయగానే నురగ పొంగుతుంది. ఒక చీలిక వేసి చూడండి: చుట్టూ చిన్న బుడగలు వస్తూ మెల్లగా పైకి తేలితే నూనె 150 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. వేసీ వేయగానే చుయ్ మని అరిచి అంచులు నల్లబడితే సెగ ఎక్కువైనట్టు. అరకిలో ఒకేసారి వేయకండి, మూడు వాయిలు చేయండి.

అసలు కిటుకంతా బుడగల్లో ఉంది. మొదటి ఐదారు నిమిషాలు నూనె కనపడనంత నురగ ఉంటుంది. అది ఉల్లిలోని నీరు ఆవిరై పోవడం. అప్పటిదాకా రంగు మారదు, కంగారుపడి మంట పెంచొద్దు. తర్వాత నురగ పలచబడుతుంది, చీలికలు ముడుచుకుని లేత పసుపుకి వస్తాయి, గరిటెకి తగిలినప్పుడు గలగలమంటాయి. అక్కడి నుంచి కలుపుతూనే ఉండాలి, ఫోన్ మోగినా సరే. చివరి ఒకటిన్నర రెండు నిమిషాల్లోనే పసుపు నుంచి ఎరుపుకీ, ఎరుపు నుంచి మాడుకీ పరిగెడతాయి. తేనె రంగు రాగానే చిల్లుల గరిటెతో తీసేయండి. మీకు కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే ఆపాలి, బయటికి వచ్చాక ఆ వేడికే ఇంకో నిమిషం ఎర్రబడుతూనే ఉంటాయి. ఒక్కో వాయికి మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది.

తీసిన వెంటనే జల్లెడలో నూనె ఓడ్చి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి, ఫోర్కుతో విడదీయండి. వేడి మీద నొక్కి చూస్తే మెత్తగానే ఉంటాయి. చల్లారాకే గట్టిపడతాయి. కిలో ఉల్లికి పావుకిలో లోపే వస్తుంది కాబట్టి, కొన్న ధర ఎందుకంత ఉంటుందో కూడా అర్థమవుతుంది.

ప్రశ్న: తీసినప్పుడు కరకరలాడతాయి. అరగంటలో తోలులా సాగుతున్నాయి. ఏం తప్పు చేస్తున్నామో తెలియదు. (కాకినాడ)

జవాబు: మూడు చోట్ల చూసుకోండి.

మొదటిది, లోపల నీరు మిగిలి ఉండగానే తీసేయడం. పెద్దమంట మీద వేయిస్తే పైన ఎర్రబడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తడి అరగంటలో పైకి వచ్చి మొత్తాన్నీ మెత్తబరుస్తుంది. మధ్యస్థమైన సెగ మీద నిదానంగా వేగనిస్తే ఈ బాధ ఉండదు. చివరి అర నిమిషం మాత్రం మంట కాస్త పెంచి తీయండి. అప్పుడు నూనె ముక్కను పట్టుకోకుండా జారుతుంది.

రెండోది, కుప్పగా పోయడం. అడుగువాటి ఆవిరి పైవాటికి పడుతుంది. టిష్యూ మీద పోసి మూట కట్టినట్టు కప్పేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకా చేటు. పరిచిన చీలికల మధ్య పళ్ళెం అడుగు కనిపించాలి.

మూడోది మీ ఊరి గాలి. వేగిన ఉల్లిలో చక్కెరలు ఎక్కువ, అవి గాలిలోని తేమను లాగేస్తాయి. సముద్రం పక్కన, అందులోనూ వానాకాలం, పళ్ళెంలో రెండు గంటలు వదిలేస్తే ఎంత బాగా వేయించినా సాగుతాయి. చేతికి చల్లగా తగిలిన మరు నిమిషమే డబ్బాలో పెట్టి మూత బిగించండి. వేడిగా ఉండగా మాత్రం మూత పెట్టొద్దు.

ఇప్పటికే మెత్తబడ్డవి ఉంటే పారేయక్కర్లేదు. మందపాటి పెనం మీద నూనె లేకుండా సన్నమంటన నాలుగైదు నిమిషాలు కదుపుతూ వేడి చేసి చల్లార్చండి. మాడు వాసన మొదలయ్యేలోపు దించేయాలి.

ప్రశ్న: వేసవిలో బాగా వచ్చినవే సెప్టెంబరులో కొత్త ఉల్లితో చేస్తే నూనె తాగి ముద్దయ్యాయి. చేతివాటం అదే, మూకుడూ అదే. (కర్నూలు)

జవాబు: మీ చేతిది కాదు తప్పు, ఉల్లిది. ఖరీఫ్ పంట మీ మార్కెట్‌కి వచ్చేది ఆ రోజుల్లోనే. దానిలో నీరు ఎక్కువ, పొర మందం, నిలవకు ఆగదు. రబీ ఉల్లి మార్చి నుంచి మే దాకా తవ్వి, ఆరబెట్టి, నెలల తరబడి నిలవ చేసేది. పై పొర కాగితంలా గలగలలాడుతుంది, మెడ సన్నగా ఎండి మూసుకుని ఉంటుంది. వేయించడానికి అదే మేలు. కొనేటప్పుడు మెడ దగ్గర వేలితో నొక్కండి. మెత్తగా దిగిపోతే ఆ పాయ కూరకి పనికొస్తుంది, దీనికి వద్దు.

కొత్త ఉల్లి తప్ప దొరకనప్పుడు ఉప్పు దారి ఉంది. అరకిలో తరుగుకి అర టీస్పూను ఉప్పు కలిపి పావుగంట ఉంచండి, నీరు దిగుతుంది. పలచటి బట్టలో మూటకట్టి గట్టిగా పిండండి, నలిపేయకండి. తర్వాత పొడి బట్ట మీద అరగంట ఆరబెట్టి వేయించండి. ఉప్పు కొంత ఉల్లిలోనే మిగిలిపోతుంది కాబట్టి బిర్యానీలో ఆ మేరకు తగ్గించుకోవాలి. ఈ లెక్క మరిచిపోయి ఉప్పగా అయిందని రాసేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

రాయలసీమ ఎండ మీకు ఉన్న వరం. ఏప్రిల్, మే నెలల్లో తరిగిన ఉల్లిని పలచటి గుడ్డ కప్పి మేడ మీద రెండు రోజులు ఎండనిచ్చి దాచుకుంటే, ఆరు నెలల తర్వాత కూడా వేయించుకోవచ్చు. కాకపోతే అవి సెకన్లలో వేగిపోతాయి. నూనె బాగా కాగనివ్వకుండా, ఒక్కో గుప్పెడే వేసి, రంగు తిరగగానే తీయాలి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. థాంక్స్‌గివింగ్ పండక్కి బీన్స్ క్యాసరోల్ (బీన్స్, సూపు కలిపి ఓవెన్‌లో పెట్టే వంటకం) చేయాలి. దాని మీద చల్లే డబ్బా ఉల్లిలో గోధుమపిండి ఉంటుందట. మా అమ్మాయికి పడదు. అచ్చం అలాంటివే, పైన పెచ్చుతో ఉండేవి, ఇంట్లో వస్తాయా? (డల్లాస్)

జవాబు: వస్తాయి. అయితే ఇది మన బిర్యానీ ఉల్లి కాదు, పిండి తొడిగిన ఉల్లి. పద్ధతి వేరు, సెగ వేరు. ఆ క్యాసరోల్ 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ తయారుచేసిన వంటకం. డబ్బా సూపు, డబ్బా ఉల్లి రెండూ అందులో పుట్టుకతోనే ఉన్నాయి. అంటే మీకు గోధుమ రెండు వైపుల నుంచి వస్తుంది. మామూలు మష్రూమ్ సూప్ డబ్బాలోనూ చిక్కదనానికి గోధుమపిండి వేస్తారు. ఉల్లి ఒక్కటీ మార్చి సూపు పాతదే పోస్తే పడిన శ్రమంతా వృథా.

ముందు ఉల్లి. 300 గ్రాములు, మూడు మిల్లీమీటర్ల మందాన చక్రాలుగా కోసి, రింగులు విడదీయండి. అరకప్పు చిక్కటి మజ్జిగలో అర టీస్పూను ఉప్పు వేసి పావుగంట నానబెట్టండి. మజ్జిగ పిండిని పట్టుకుంటుంది, ఉల్లి ఘాటునూ తగ్గిస్తుంది. జల్లెడలో వేసి ఐదు నిమిషాలు బాగా ఓడనివ్వండి.

పొడి మిశ్రమం: మెత్తటి బియ్యప్పిండి 60 గ్రాములు, మొక్కజొన్న గంజిపొడి 30 గ్రాములు, సెనగపిండి ఒక టేబుల్‌స్పూను, ఉప్పు అర టీస్పూను, మిరియాల పొడి పావు టీస్పూను. బియ్యప్పిండి గట్టి కరకర ఇస్తుంది, ఎక్కువ నూనె తాగదు. గంజిపొడి పెచ్చును పలచగా, పెళుసుగా ఉంచుతుంది. ఈ రెండే అయితే రంగు తెల్లగా పాలిపోతుంది, మైదాలా ఎర్రబడదు. అందుకే ఆ చెంచాడు సెనగపిండి. అంతకు మించితే పకోడీ వాసన వస్తుంది, అది మీ క్యాసరోల్‌కి నప్పదు.

పేరు దగ్గర జాగ్రత్త. మనం ఇండియాలో కార్న్ ఫ్లోర్ అనేది గంజిపొడి, బ్రిటన్‌లోనూ అంతే. మీ దగ్గర అదే పేరుతో అమ్మేది పచ్చటి మొక్కజొన్న పిండి. మీకు కావలసింది కార్న్ స్టార్చ్ అని రాసి ఉన్న తెల్లటి పొడి, చేత్తో నొక్కితే కిర్రుమంటుంది.

గుప్పెడు రింగులు పిండిలో దొర్లించి, జల్లెడలో పోసి దులపండి. ఎక్కువైన పిండి నూనెలో రాలి మాడుతుంది, ఆ చేదు తర్వాతి వాయికంతా అంటుకుంటుంది. దులిపిన రెండు నిమిషాల్లో నూనెలో పడాలి. ఆలస్యమైతే పిండి తడిసి ముద్దకట్టి, వేగేటప్పుడు తొక్కలా ఊడుతుంది. నూనె 175 డిగ్రీలు, మీ లెక్కలో 350 ఫారన్‌హీట్. మూడు నాలుగు నిమిషాల్లో వేగుతాయి. పంటికి ఇసకలా తగిలితే బియ్యప్పిండి ముతక అన్నమాట. ఆసియా దుకాణాల్లో దొరికే మెత్తటిది వాడండి, కానీ జిగురు బియ్యం పిండి కాకుండా చూసుకోండి.

సూపు బదులు: రెండు టేబుల్‌స్పూన్ల వెన్నలో పుట్టగొడుగులు వేయించి, ఒకటిన్నర కప్పుల పాలలో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల గంజిపొడిని చల్లగా ఉండగానే కలిపి పోసి, చిక్కబడేదాకా తిప్పండి. ఉడికించిన బీన్స్ కలిపి 350 ఫారన్‌హీట్‌లో పాతిక నిమిషాలు బేక్ చేశాక, చివరి ఐదు నిమిషాలకి మాత్రమే ఉల్లి చల్లాలి. మొదటే చల్లితే కింది ఆవిరికి నానిపోతాయి.

ప్రశ్న: బియ్యప్పిండి మా వీధి గిర్నిలో ఆడిస్తాం. అన్నీ గోధుమ లేనివే వాడుతున్నా ఒక్కోసారి పాపకి తేడా చేస్తోంది. (హైదరాబాద్)

జవాబు: గిర్నియే అనుమానించాల్సిన మొదటి చోటు. మీకన్నా ముందు గోధుమలు ఆడించి ఉంటే ఆ రాళ్ళ మధ్య, తొట్టిలో మిగిలింది మీ పిండిలోకి వస్తుంది. సీలియాక్ ఉన్నవారికి ఆ కాస్త చాలు. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించాలంటే కిలోకి గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఎంత తక్కువో చూడండి. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలో పట్టి, సన్నటి జల్లెడ పట్టుకోండి. ఇంత పనికి నాలుగైదు చెంచాలే కావాలి కాబట్టి శ్రమ పెద్దది కాదు. సెనగపిండి కూడా అంతే. పప్పు ఏరేటప్పుడు గోధుమ గింజలు కనబడటం కొత్తేమీ కాదు.

రెండో చోటు ఇంగువ. మనం వాడే పొడి ఇంగువ చాలావరకు కలిపినది. ఆ కలిపేది గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. బియ్యప్పిండి, జిగురు మాత్రమే వేసినవీ దొరుకుతాయి. డబ్బా వెనక చదవాల్సిందే.

మూడోది నూనె. నిన్న పూరీలు వేయించిన నూనెలో ఈరోజు ఉల్లి వేస్తే, ఉల్లికి మీరు పిండి పట్టించకపోయినా గోధుమ అంటుకున్నట్టే. ఆ నూనె ఎన్నిసార్లు వడకట్టినా దీనికి పనికిరాదు. చపాతీ పిండి జల్లించే జల్లెడ, చెక్క గరిటె కూడా విడిగా పెట్టుకోండి.

ప్రశ్న: నూనె తగ్గించాలి. ఎయిర్ ఫ్రయర్‌లో కుదురుతుందా? ఓవెన్‌లో? (బెంగళూరు)

జవాబు: కుదురుతుంది, కానీ మూకుడులో వచ్చినంత సమంగా రావు. పావుకిలో తరుగుకి ఒక టేబుల్‌స్పూను నూనె బాగా పట్టించి, 150 డిగ్రీల దగ్గర ఇరవై నుంచి పాతిక నిమిషాలు, ఐదు నిమిషాలకోసారి కదపండి. చివరి ఐదు నిమిషాల్లో రెండుసార్లు చూడాలి. చాలామంది 180 దగ్గర పెట్టి, చివర్లు బొగ్గయ్యాయని వాపోతారు. సగం వేగాక ఎండిన చీలికలు తేలికై గాలికి ఎగురుతాయి, కాబట్టి పైన చిన్న స్టీల్ జాలీ పెట్టండి.

మైక్రోవేవ్ మేమనుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. గాజు గిన్నెలో 150 గ్రాముల సన్నటి తరుగు, అది మునిగేంత నూనె వేసి, ఫుల్ పవర్‌లో మొదట ఐదు నిమిషాలు, తర్వాత రెండేసి నిమిషాలకు కలుపుతూ, రంగు తిరగడం మొదలయ్యాక అరనిమిషం చొప్పున పెట్టండి. గిన్నె విపరీతంగా కాలుతుంది, గుడ్డతో పట్టుకోవాలి. నూనె తగ్గించే పద్ధతి మాత్రం కాదిది. ఓవెన్‌లో చేస్తే చాలాసార్లు సగం మాడి సగం మెత్తగా ఉంటాయి. మా ఓటు దానికి లేదు.

ప్రశ్న: త్వరగా ఎర్రబడాలని కాస్త వంటసోడా వేయమంటున్నారు. చక్కెర కూడా. (విజయవాడ)

జవాబు: సోడా వద్దు. రంగు త్వరగా వస్తుంది, నిజమే. దాంతోపాటు ఉల్లి కండ మెత్తబడి చిదికిపోతుంది. చక్కెర చిటికెడు వేస్తే రంగు వస్తుంది కానీ మాడే గడియ కూడా ముందుకొస్తుంది. రెండూ లేకుండానే వేయించండి.

ప్రశ్న: గోధుమ మానేశాను. వేయించిన ఉల్లి తింటే మాత్రం కడుపు ఉబ్బుతోంది. ఉల్లిలో కూడా గ్లూటెన్ ఉందా? (గుంటూరు)

జవాబు: లేదు. గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తు. ఉల్లిలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలుంటాయి. కొందరి పేగులు వాటిని అరిగించుకోలేక గాలి చేస్తాయి. ఇవి గోధుమలోనూ ఉన్నాయి. అందుకే గోధుమ మానగానే హాయిగా ఉందనుకున్న కొందరికి అసలు చిక్కు గ్లూటెన్‌తో కాదు, వీటితో. వేయించినంత మాత్రాన ఇవి పోవు. కానీ నూనెలో కరగవు కాబట్టి, ఉల్లి వేయించి బాగా వడకట్టిన నూనెతో తాలింపు వేసుకుంటే వాసన దక్కుతుంది, ఉబ్బరం ఉండదు.

ఒక మాట. మీరు డాక్టరు పరీక్ష లేకుండానే గోధుమ మానేసి ఉంటే, సీలియాక్ రక్తపరీక్ష ఇప్పుడు సరిగ్గా తేలకపోవచ్చు. గోధుమ తింటున్న రోజుల్లోనే ఆ పరీక్ష చేయాలి. ముందు డాక్టర్ని కలవండి.

ప్రశ్న: రంజాన్‌లో హలీమ్ మీద ఈ ఉల్లి వేసుకోవచ్చుగా? (నిజామాబాద్)

జవాబు: ఉల్లి వేసుకోవచ్చు, హలీమే తినకూడదు. అది గోధుమ రవ్వతోనే ఉడికేది. జొన్న రవ్వ రాత్రంతా నానబెట్టి మటన్‌తో మెత్తగా ఉడికించి, దంచుకుంటే దగ్గరి రుచి వస్తుంది. సాగుడు మాత్రం రాదు.

ప్రశ్న: ఎన్నాళ్ళు నిలవ ఉంటాయి? మిగిలిన నూనె ఏం చేయాలి? (తిరుపతి)

జవాబు: పిండి లేనివి గాలి చొరని డబ్బాలో బయట వారం పది రోజులు, ఫ్రిజ్‌లో నెల, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు. ఫ్రీజర్ నుంచి తీసినవి గడ్డకట్టవు, కావలసినన్ని గుప్పెట్లో తీసుకుని డబ్బా వెంటనే లోపల పెట్టేయండి, లేకపోతే డబ్బా లోపల నీటి చుక్కలు పట్టి అన్నీ మెత్తబడతాయి. పిండి పట్టించినవి మూడు నాలుగు రోజుల్లోనే సగం రుచి కోల్పోతాయి. ముక్కిపోయిన నూనె వాసన, పాత అప్పడాల వాసన తగిలితే పారేయండి.

నూనెను గోరువెచ్చగా ఉన్నప్పుడే పలచటి బట్టలో వడకట్టండి. అడుగున నల్లటి పొడి ఉంటే దాన్ని వదిలేసి పైనూనె మాత్రం సీసాలో పోసి, వెలుతురు తగలని చోట పెట్టి పది రోజుల్లో వాడేయండి. బిర్యానీ అడుగున, పప్పు తాలింపుకి, గుత్తి వంకాయకి ఈ నూనె కమ్మగా ఉంటుంది. పిండి పట్టించిన ఉల్లి వేయించిన నూనెను మాత్రం దాచకండి, రాలిన పిండి వల్ల అది త్వరగా చేదెక్కుతుంది.